అమ్మ పేరిట పొలం... అమెరికాలో చదువు!

ఈమధ్య మా ఆత్మకూరులో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే చాలు, చీరల కబుర్లయిన వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. "మీ పిల్ల ఏ దేశానికి?" అని. ఒకప్పుడు ఇంజనీరింగు పిల్లల తల్లుల్నే ఇలా అడిగేవారు. ఇప్పుడు బీకాం చదివినా, బీబీఏ చదివినా, ఆఖరికి అగ్రికల్చరు బీఎస్సీ చదివినా అడుగుతున్నారు. కంప్యూటరు సైన్సు చదవని వాళ్ళకు కూడా విదేశం తలుపు తీసే మంత్రం ఒకటి దొరికింది మరి. దాని పేరు బిజినెస్ అనలిటిక్స్. నెల్లూరు వెళ్ళే దారిలో ఫ్లెక్సీల మీద అదే, కరెంటు స్తంభాల మీద అదే. పేరు సరిగా పలకలేని అమ్మమ్మలు కూడా "మా మనవరాలు అనాలిసిస్ చదవడానికి పోతోంది" అని మురిసిపోతున్నారు. వినేవాళ్ళు రక్తపరీక్షల చదువేమో అనుకుంటే ఆ అమ్మమ్మల తప్పు కాదు!

నేను బీకాం చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు నాలుగు కథలు రాసుకునే మనిషిని. ఇలాంటి విషయం మీద రాయడానికి నీకేం అర్హత అని మీరు అడగవచ్చు. ఏడాది కాలంలో ముగ్గురు తల్లులు బ్యాంకు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు, "అక్కా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అంటూ. ముగ్గురిలో ఇద్దరికి పిల్లలు చదవబోయేది ఏమిటో తెలియదు. కానీ ముగ్గురి సంతకాలూ ఆ కాగితాల మీద కావాలి. నా అర్హత అంతే.

ఇంతకీ ఏమిటీ చదువు? మన మెట్టప్రాంతంలోనే చూద్దాం. మర్రిపాడు మండలం డి.సి.పల్లిలో, అటు కలిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి కదా. అక్కడికి వచ్చే ప్రతి బేలుకూ ఒక నంబరు, గ్రేడు, బరువు, పలికిన ధర ఉంటాయి. సీజను ముగిసేసరికి అదంతా ఒక పెద్ద అంకెల గుట్ట అవుతుంది. రైతు చూసుకునేది తన బేలు ధర ఒక్కటే. ఆ గుట్టంతా ముందేసుకుని, ఏ వారం ఏ గ్రేడుకు గిరాకీ పెరిగింది, ఎప్పుడు పడిపోయింది, వచ్చేవారం సరుకు తేవాలా ఆగాలా అని తేల్చి చెప్పగలిగితే అదే బిజినెస్ అనలిటిక్స్. ఉదయగిరి చెక్క గరిటెల సంగతీ అంతే. కొండమీది కలపతో ముస్లిం కుటుంబాలు, వాళ్ళలోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, చెక్కుతున్న స్పూన్లకూ ఫోర్కులకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఏ రకం అమ్ముడుపోతుందో లెక్కగట్టి చెప్పే మనిషి మాత్రం వాళ్ళకు లేదు. అమెరికాలో పెద్ద దుకాణాలు, బ్యాంకులు, ఆసుపత్రులు అచ్చంగా ఈ పనికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాయి.

కోర్సులో చెప్పేది కొంత గణాంకశాస్త్రం, పైథాను, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటరు భాషలు, అంకెల్ని బొమ్మలుగా మార్చి చూపించే పద్ధతులు, కాస్త మార్కెటింగు, కాస్త ఫైనాన్సు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ 2007లో ఈ తరహా మాస్టర్స్ డిగ్రీ మొదలుపెట్టింది. తర్వాత పెద్దవీ చిన్నవీ అన్నీ ఆ దారి పట్టాయి. ఇంగ్లండులో ఇంపీరియల్, వారిక్, ఐర్లండులో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ, ఇలా చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి.

అంకెల చదువు కోసం సముద్రం దాటడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. సి.ఆర్.రావు గారి పేరు వినే ఉంటారు. 1920లో పుట్టారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. చిన్నప్పుడు కొంతకాలం మన గూడూరులోనే చదువుకున్నారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లక్ష్మీకాంతమ్మ తనను లేపి, నూనెదీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేదని ఆయన తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు, కలకత్తాలో గణాంకశాస్త్రం చదివి, 1945 నాటికే ప్రపంచమంతా ఇప్పటికీ వాడుకుంటున్న సూత్రాలు కనిపెట్టారు. ఆ మరుసటి ఏడాది కేంబ్రిడ్జి వెళ్ళారు. తవ్వకాల్లో బయటపడ్డ పురాతన ఎముకల కొలతలను విశ్లేషించడానికి అక్కడి మ్యూజియం వాళ్ళకు మహలనోబిస్ గారి పద్ధతి తెలిసిన మనిషి కావలసివచ్చింది, పిలిచారు. ఆ పని చేస్తూనే 1948లో డాక్టరేటు తీసుకున్నారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది అమెరికాలో కన్నుమూశారు.

అందరూ సి.ఆర్.రావులు కాగలరా అని మీరనవచ్చు. కాలేరు, కానక్కర్లేదు కూడా. కానీ ఆ వరస చూడండి. ముందు విద్య చేతికొచ్చింది, తర్వాత పిలుపొచ్చింది. మన పిల్లల విషయంలో ముందు అప్పు, తర్వాత విమానం, ఆ తర్వాత విద్య! పోయాక నేర్చుకుంటారులే అన్న ధీమా. లెక్కలంటే పదో తరగతి నుంచి ముఖం తిప్పుకున్న పిల్ల చేతికి ఈ కోర్సు ఇవ్వడం, ఈత రానివాణ్ణి సోమశిల డ్యాములోకి దింపడం లాంటిదే.

మరి అంతగా ఎగబడడం దేనికి? అసలు కారణం బ్రోషర్లలో పెద్దక్షరాలతో ఉండదు. అమెరికాలో చదువు ముగించిన విదేశీ విద్యార్థి ఏ సబ్జెక్టు వాడైనా ఒక ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కల కిందికి వచ్చే కోర్సయితే మరో 24 నెలలు అదనం. మొత్తం మూడేళ్ళు. మామూలు ఎంబీఏకి చాలాచోట్ల ఆ అదనం లేదు. బిజినెస్ అనలిటిక్స్‌కి చాలా యూనివర్సిటీలు లెక్కల కోర్సు కింద కోడు తెచ్చుకున్నాయి. అంటే కామర్సు చదివిన పిల్లకు కూడా మూడేళ్ళు దొరుకుతాయి. మనవాళ్ళు కొంటున్నది డిగ్రీ అని పైకి చెబుతాం గానీ, నిజానికి కొంటున్నది ఆ 36 నెలల్నే. ఇందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. కానీ ఏం కొంటున్నామో తెలిసి కొనాలి. ఆ కోడు అన్ని యూనివర్సిటీల్లోనూ ఒకటిగా ఉండదు. యూనివర్సిటీ పంపే ఐ-20 అనే కాగితంలో అది ఉంటుంది, పిల్లనే చూసి చెప్పమనండి. చదువు ముగిశాక మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే అక్కడ ఉండే హక్కు పోతుందన్న సంగతి కూడా చాలామంది తల్లులకు తెలియదు.

2024-25లో అమెరికాలో 3 లక్షల 63 వేల మంది మన దేశపు విద్యార్థులున్నారు. మరే దేశం నుంచీ అంతమంది లేరు. అదే 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలైన చదువులకు కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు అంతకు ముందు ఏడాదికంటే 17 శాతం తగ్గారని అక్కడి యూనివర్సిటీల సర్వేయే చెప్పింది. పైగా, ఆ మూడేళ్ళ తర్వాత ఎక్కవలసిన మెట్టు జారుడుగా మారింది. హెచ్-1బి వీసాలు ఏడాదికి 85 వేలే. ఎక్కువమంది దరఖాస్తు చేస్తే లాటరీ. మొన్నటిదాకా ఆ లాటరీలో అందరికీ ఒకటే చీటీ. 2026 నుంచి వర్తించే కొత్త నియమంతో జీతం స్థాయిని బట్టి చీటీలు. పై స్థాయి జీతగాడికి నాలుగు, కొత్తగా చేరిన పిల్లకు ఒకటి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు ఊళ్ళో ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుందా? అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవారికి అది పడదని అక్టోబరులో వివరణ వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. కానీ అలాంటి పిల్ల కోసం వకీళ్ళ చుట్టూ తిరగడం మాకెందుకని అనుకునే కంపెనీలు లేకపోలేదు.

ఇంగ్లండు వెళదామంటే, చదువు తర్వాత ఉండనిచ్చే రెండేళ్ళను 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలకు కుదించారు. కెనడా 2024లోనే విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టింది. ఐర్లండు మాస్టర్స్ చదివినవారికి రెండేళ్ళు ఇస్తుంది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ఫీజు లేదు, కానీ ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో చూపించాలి, ఉద్యోగానికి వాళ్ళ భాష రావాలి.

ఇక డబ్బు. నా దగ్గరికొచ్చిన ముగ్గురిలో ఒకామెది అనంతసాగరం వైపు పల్లె. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర మాగాణి ఆమె పేరుమీద ఉంది. కూతురు నెల్లూరులో బీకాం ముగించింది. తెలివైన పిల్లే. అమెరికాలో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. నలభై లక్షల అప్పుకు బ్యాంకు ఆ పొలాన్నే అడిగింది. ఆ తల్లి మా వంటింటి గడపలో కూర్చుని ఒకటే మాట అంది. "యూనివర్సిటీ సంగతి నాకెందుకులే అక్కా, పొలం ఉండేదా పొయ్యేదా, ముందు అది చెప్పు." కన్సల్టెన్సీ వాళ్ళు ఆరుసార్లు మాట్లాడి కూడా చేరలేని చోటికి ఆమె ఒక్క వాక్యంలో చేరింది!

పెన్నూ కాగితం తీసుకుని కూర్చున్నాం. నలభై లక్షలు, పదకొండు శాతం వడ్డీ, పదేళ్ళ గడువు. నెలకు కంతు 55 వేలు. పదేళ్ళలో కట్టేది 66 లక్షలు. చదివే రోజుల్లో వడ్డీ కట్టకపోతే అది కూడా అసల్లో చేరుతుంది కాబట్టి అసలు కంతు ఇంకా ఎక్కువే. ఇప్పుడు పిల్లకు అక్కడ ఏడాదికి డెబ్భై వేల డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకోండి. డాలరు తొంభై రూపాయలనుకుంటే ఆ కంతు ఆరువందల పైచిలుకు డాలర్లు. ఇంటద్దె, తిండి పోను అవలీలగా కడుతుంది, మూడేళ్ళలో సగం అప్పు తీర్చేస్తుంది. అదే, అక్కడ ఉద్యోగం దొరక్క తిరిగొచ్చి, బెంగుళూరులో నెలకు యాభై వేల జీతానికి చేరిందనుకోండి. జీతం మొత్తం ఇచ్చినా కంతుకు చాలదు. 2025 డిసెంబరులో డాలరు మొదటిసారి తొంభై దాటినప్పుడు, అక్కడ సంపాదిస్తున్నవాళ్ళ తల్లిదండ్రులు సంతోషించారు, రెండో సెమిస్టరు ఫీజు కట్టవలసినవాళ్ళు తలపట్టుకున్నారు.

గెలిస్తే అప్పు తేలిక, ఓడితే పొలం పోతుంది. మధ్యస్థంగా ఏమీ లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పే 'సగటు జీతం' ఈ సంగతి దాచేస్తుంది. నలుగురికి లక్ష చొప్పున, ఆరుగురికి సున్నా వస్తే సగటు నలభై వేలు. ఆ నలభై వేలు ఆ పదిమందిలో ఒక్కరి చేతికీ రాలేదు! నిజం చెప్పాలంటే బిజినెస్ అనలిటిక్స్‌లో మొదటి వారం నేర్పవలసిన పాఠం ఇది.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆత్మకూరు శాసనసభ్యుడిగా, రాష్ట్ర పరిశ్రమల, ఐటీ శాఖల మంత్రిగా ఉండి 2022 ఫిబ్రవరిలో అకాలంగా చనిపోయిన మేకపాటి గౌతంరెడ్డి గారు కూడా మాంచెస్టరులో టెక్స్‌టైల్స్ చదివొచ్చినవారే. ఆయనలా చదివి తిరిగొచ్చే స్వేచ్ఛ, నెలనెలా కంతు కట్టవలసిన పిల్లకు ఉండదు. తిరిగి రావాలనిపించినా రాలేకపోవడం అనేది ఈ అప్పులో రాయని షరతు.

ఈ లెక్కలన్నీ మగవాళ్ళు చూసుకుంటారులే అనేవారికి ఒక్కటి గుర్తుచేస్తాను. ఇదే ఉదయగిరి ప్రాంతంలో, కలిగిరి మండలం దూబగుంటలో, 1992లో ఏం జరిగింది? అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడికి పోయిన ఆడవాళ్ళు, తమ ఇళ్ళలోంచి సారాకు పోతున్న డబ్బు గురించి మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని ఊరుకోలేదు, దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపులక్ష్మి సంఘాలు మన జిల్లాలోనే పుట్టాయి. ఇంటిలోకి వచ్చేదెంత, పోయేదెంత, ఎక్కడికి పోతోంది అని లెక్క వేసిన ఆ ఆడవాళ్ళకు ఏ యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వలేదు. పొదుపు సంఘం పుస్తకం రాసే ఏ లీడరునైనా ఈ అప్పు కాగితం ముందు కూర్చోబెట్టండి, పది నిమిషాల్లో అడగాల్సినవన్నీ అడుగుతుంది.

అడగాల్సింది కూడా చాలానే ఉంది. "మేం మీ దగ్గర ఫీజు తీసుకోం" అనే కన్సల్టెన్సీకి డబ్బు ఎవరిస్తున్నారు? చాలాసార్లు యూనివర్సిటీయే, చేర్పించిన తలకింత అని. అలాంటప్పుడు వాళ్ళు చూపించే జాబితాలో మన పిల్లకు తగిన యూనివర్సిటీ ముందుంటుందా, ఎక్కువ కమీషనిచ్చేది ముందుంటుందా? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే ఉత్తుత్తి సంస్థ మూతపడినప్పుడు అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో కడియాలు తగిలించిన ఫోటోలు చూసి తల్లులు ఏడ్చారు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అక్కడి ప్రభుత్వమే పన్నిన వల 2019 జనవరిలో బయటపడింది. మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశం వాళ్ళు. రెండుసార్లూ అక్కడికి దారి చూపించింది ఎవరో ఒక 'తెలిసినవాళ్ళు'.

ఇప్పుడు ఉత్తుత్తివి తక్కువ. నిజమైనవే, కానీ నాసిరకంవి ఎక్కువ. వాటిని పట్టుకునేది ఇలా. కిందటేడు చదివి బయటికొచ్చినవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, అందులో విదేశీ విద్యార్థులు ఎంతమంది అని యూనివర్సిటీకే ఉత్తరం రాయించండి. అనంతసాగరం పిల్ల చేత మేము అదే చేయించాం. జవాబొచ్చింది, మర్యాదగానే. మొత్తం మీద ఇంత శాతం అని ఉంది. విదేశీయుల లెక్క విడిగా అడిగితే మాత్రం అలాంటి వివరాలు సేకరించడం లేదన్నారు. అంకెల విశ్లేషణ నేర్పే డిపార్టుమెంటు, తన సొంత విద్యార్థుల అంకెలు సేకరించదట!

బ్యాంకు కూడా మనకు తెలియకుండానే ఒక మాట చెబుతుంది. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి హామీ అడుగుతాయి. కానీ బాగా పేరున్న కొన్ని యూనివర్సిటీల జాబితా పెట్టుకుని, వాటిలో సీటొస్తే హామీ లేకుండా ఇచ్చే బ్యాంకులున్నాయి. మీ పిల్ల యూనివర్సిటీ ఆ జాబితాలో లేదంటే, ఆ చదువు మీద బ్యాంకుకే నమ్మకం తక్కువన్నమాట. ఆ నమ్మకం తగ్గినంత మేరా మీ పొలం పెట్టి పూడ్చమంటున్నారు.

ఇదంతా చదివి "అయితే మా అమ్మాయిని పంపం" అనుకుంటారేమో, నా భయం అదే. ముగ్గురు తల్లుల్లో ఒకామె ఇంట్లో ఇదే జరిగింది. కొడుక్కి నలభై లక్షలు అప్పు చేయడానికి ఎవరూ లెక్కలడగలేదు. కూతురి దగ్గరికొచ్చేసరికి అందరికీ లాటరీ చీటీలు, లక్ష డాలర్లు గుర్తొచ్చాయి. "ఆ డబ్బుతో పెళ్ళి చేస్తే పోలా" అన్నారు. పెళ్ళికి పెట్టే ముప్ఫై లక్షల మీద పదేళ్ళకు ఎంతొస్తుందో కూడా ఇదే కాగితం మీద లెక్క వేయమనండి మరి! కూతురికైతే రిస్కు, కొడుక్కైతే పెట్టుబడి అనడం లెక్క కాదు. ఉదయగిరి నుంచి, వింజమూరు నుంచి బయటి ప్రపంచానికి పోయే దారులు ఆడపిల్లకు ఎన్నున్నాయి గనక? ఈ చదువు వాటిలో ఒకటి.

పోయేముందు మెట్లు ఇక్కడే ఉన్నాయి. ఐఐటీ మద్రాసు డేటా సైన్సులో ఇంటినుంచే చదివే డిగ్రీ నడుపుతోంది. ఇంటరు పాసైనవాళ్ళు ఎవరైనా క్వాలిఫయరు దాటి చేరవచ్చు, పరీక్షలు మాత్రం సెంటరుకు వెళ్ళి రాయాలి. కలకత్తా ఐఐఎం, ఖరగ్‌పూర్ ఐఐటీ, సి.ఆర్.రావు గారు పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2015 నుంచి బిజినెస్ అనలిటిక్స్‌లోనే రెండేళ్ళ డిప్లొమా ఇస్తున్నాయి. సీటు కష్టం, కానీ విలువైనది. ఏదీ కాకపోతే ఆరు నెలలు పైథాను నేర్చుకుని, చిన్న ఉద్యోగంలో ఏడాది పనిచేసి పోయే పిల్లకు, అక్కడ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదో ఒకటుంటుంది. మామూలు రిపోర్టులు తయారుచేసే పనిని ఏఐ మింగేస్తున్న ఈ రోజుల్లో, ఏమీ తెలియకుండా పోయినవాళ్ళకే ముందు కష్టం.

అనంతసాగరం అమ్మాయి ఆ సీటు వదులుకుంది. చెన్నైలో ఒక ఆడిటరు ఆఫీసులో చేరింది, రాత్రిళ్ళు చదువుకుంటోంది. వచ్చే ఏడాదికి డబ్లిన్‌లో ఒకటి, అమెరికాలో రెండు రాసుకుంది. అమెరికావి రెండూ బ్యాంకు హామీ అడగని జాబితాలోవే. వాళ్ళ నాన్నకు ఇప్పటికీ కోపమే, ఒక ఏడాది వృథా అయిందని.

ఒకవేళ మీరు పొలం పెట్టే పంపవలసివస్తే, సంతకానికి ముందు మేనేజరు గారిని ఒక్క సంగతి విడిగా అడగండి. అప్పు మొత్తం ఒకేసారి రాసినా, డబ్బు సెమిస్టరుకింత అని విడతలుగానే పంపుతారు. వడ్డీ కూడా పంపినంతవరకే. మొదటి సెమిస్టరులో మార్కులు, అక్కడి పరిస్థితి చూసి ఆపేయాలనుకుంటే మిగతా విడతలు ఆగిపోతాయా, అప్పటిదాకా తీసుకున్నది కట్టేస్తే పొలం మీద తాకట్టు ఎన్నాళ్ళలో ఎత్తేస్తారు, దానికి ఏ కాగితం ఇస్తారు అని. జవాబు తెలుగులో రాసివ్వమనండి. మీ పొలం కాబట్టి మీకు అర్థమయ్యే భాషలోనే.